బొగ్గుచుక్క పైకే ఉండాలి

ఈ తీరంలో గుడ్ల కింది ఇసుకను చల్లగా ఉంచే నీళ్ళను దొంగిలించింది నీలరేఖ తీరసంరక్షణ సంస్థ. ఎక్కడో దూరాన కూర్చున్న పెద్దలెవరో కాదు, మా సేవకులతో ఒకే బల్ల మీద భోజనం చేసేవాళ్ళే ఈ పని చేశారు. నీళ్ళను అద్దాల మేడకు మళ్ళించి, ఇసుక వేడి చూపించే శిబిరం గోడమీది పలకలో మాత్రం "ఇరవై తొమ్మిది" అని వెలిగిస్తున్నారు. ఇది మొదటి తప్పు. రెండో తప్పు నాది. అదీ ఇందులోనే రాశాను, దాచలేదు.

నా పేరు సమత. మాది జనగామ వైపు కొడకండ్ల. ఇరవై రెండేళ్ళ దాకా సముద్రం చూడనిదాన్ని. తాబేళ్ళ మీద దొరికిన ప్రతి కరపత్రమూ చదివి, పదకొండు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ ఈ సెలూరా దీవికి సేవకు వచ్చాను. కింద ఉన్నది నా దినచర్య. తారీఖులు వెయ్యలేదు. గుడ్ల వయసు వేశాను. ఇక్కడ పనికొచ్చే లెక్క అదొక్కటే.

గుడ్లకు ఎనిమిదో రోజు

పొద్దున అయిదింటికి వరసల మీద నడక. రెండు వందల పన్నెండు గూళ్ళు. ఒక్కో గూటికి ఒక వెదురుపుల్ల, పుల్లకు నంబరు. అన్నీ ఒకేసారి గుంపుగా వచ్చి పెట్టి పోయినవి కాబట్టి అన్నిటికీ ఒకటే వయసు. పీతల బొరియలు పూడ్చడం, కొంగల్ని తోలడం, చెదిరిన కొబ్బరిమట్టలు సర్దడం నా వంతు.

ఏడున్నరకల్లా వీపు మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టుంటుంది. అప్పుడు సేవకులం ముప్పై ఒక్కమందిమీ గొట్టం దగ్గరికి పరుగెడతాం. సముద్రం అడుగునుంచి చల్లని నీళ్ళు తెచ్చే ఆ గొట్టం, గూళ్ళ కిందికి దిగేముందు పది గజాల మేర పైకి కనిపిస్తుంది. దానికి ఎప్పుడూ చెమట పడుతుంది. తువ్వాళ్ళు చుట్టి, తడిసాక మొహాలు తుడుచుకుంటాం. ఈ దీవిలో నాకు నచ్చిన మొదటి సుఖం అది. ఇవాళ తువ్వాలు సగమే తడిసింది.

గూళ్ళు కాచే పనిలో మాకు దారి చూపేది అసిరమ్మ అనే పెద్దావిడ. వాళ్ళ తాతలు శ్రీకాకుళం తీరం మునిగిపోయిన ఏట, పడవల్లో ఇక్కడికి వచ్చిన జాలర్లు. దీవిలో అరవై ఇళ్ళూ వాళ్ళవే. ఆవిడ ఇవాళ నలభయ్యో నంబరు గూటి పక్కన ఇసుకలో మోచేతి దాకా చెయ్యి దించి చాలాసేపు కూర్చుంది.

"ఇసక కాగుతున్నాది గుంటా," అంది.

"అవ్వా, పలక మీద ఇరవై తొమ్మిదే ఉన్నది గదా," అన్నాను.

"పలక ఇసకలో సెయ్యెట్టినాదేటి?"

నవ్వేశాను. కొలిచే యంత్రం ఒకవైపు, మోచెయ్యి ఒకవైపు అయితే నేను యంత్రం పక్షమే. మూఢత్వం మీద నా దగ్గర రెండు కరపత్రాలున్నాయి.

"ఇంకోటి," అంది లేస్తూ. "అవ్వా అంతావేటి? మా కాడ అలాగనరు. మామ్మా అను."

గుడ్లకు తొమ్మిదో రోజు

గొట్టానికి చెమట లేదు. అరచెయ్యి ఆనించి చూస్తే గోరువెచ్చగా ఉంది.

ఇలేనా అనే అమ్మాయి, లిస్బన్‌నుంచి వచ్చింది, నాలాగే భూమికి మూడువందల గంటలు సేవ చేసినట్టు ఇచ్చే పత్రం కోసం, పొడి తువ్వాలు పట్టుకుని నావైపు చూసింది.

ఇందుశేఖర్ గారి దగ్గరికి వెళ్ళాను. శిబిరం పెద్ద ఆయన. గుంటూరు మనిషి, గొంతు పెంచడం తెలియని మనిషి.

"గొట్టానికి కొత్త తొడుగు వేశారమ్మా. అందుకని పైకి చల్లదనం తెలియదు."

"తొడుగు ఏం లేదు సార్. నేను చూసిన."

"కంటికి కనపడని రకం అండి అది," అన్నారు. నాకు టీ తెప్పించారు. "నీలో ఉన్న ఆ తపన ఉంది చూశావూ, అది నాకు చాలా నచ్చుతుంది. పలక చూడు. ఎంతుంది?"

ఇరవై తొమ్మిది పాయింటు ఒకటి.

టీ తాగి వచ్చేశాను. తాగినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఈ అంకె గురించి ఎందుకింత గోల అంటే, గుడ్డులో పిల్ల ఆడో మగో ముందే రాసిపెట్టి ఉండదు. ఇసుక వేడి తేలుస్తుంది. ముప్పై దాటితే ఆడపిల్లలు. ముప్పై నాలుగు దాటితే శవాలు. ఈ సముద్రంలో ఇప్పటికే నూటికి తొంభై ఎనిమిది ఆడ తాబేళ్ళే. కిందటి పదకొండేళ్ళలో ఈ తీరం దగ్గర కనిపించిన మగది ఒక్కటి. దాని చిత్రపటం భోజనశాలలో దండ వేసి ఉంది.

గుడ్లకు పదో రోజు

సామాను కొట్టులో పారలు కడుగుతుంటే తలుపు వెనక చెక్కమీద పెన్సిల్ రాత కనబడింది. కిందటేడు వచ్చిన సేవకుడెవరో రోజూ పలక చూసి గుడ్ల వయసు పక్కన అంకె రాసుకున్నాడు. "8: 29.1. 9: 29.1. 10: 28.9. 11: 29.3." అలా యాభై దాకా.

పరుగెత్తుకుంటూ పోయి పలక చూశాను. ఇరవై ఎనిమిది పాయింటు తొమ్మిది.

అయినా నిన్నా ఇవాళా కలిసినంతమాత్రాన రుజువు కాదు. ఇలేనా దగ్గర చేపల తొట్టిలో పెట్టే గాజు థర్మామీటరు ఉంది, తన గదిలో చిన్న తొట్టి పెట్టుకుంది. అడిగి తెచ్చాను. నలభయ్యో నంబరు గూటి పక్కన మూరెడు లోతు దించి వంద లెక్కపెట్టాను.

ముప్పై రెండున్నర.

అసిరమ్మకు చూపించాను. ఆవిడ ఆ గాజుపుల్లను కనీసం చేతిలోకి తీసుకోలేదు.

"నాను సెప్పినప్పుడు నవ్వినావు. ఇది సెప్తే ఏడుస్తున్నావు," అంది.

నేను ఏడవలేదు. చెమట.

గుడ్లకు పదకొండో రోజు

పలక ఇవాళ ఇరవై తొమ్మిది పాయింటు మూడు అంది. చెక్కమీదా అదే. వాళ్ళు నిరుటి అంకెల్నే తిరిగి వెలిగిస్తున్నారు!

గొట్టం వెంట పైకి నడిచాను. పంపులగది దాటాక అది రెండుగా చీలుతుంది. ఒకటి మన గూళ్ళకు, ఒకటి అద్దాల మేడకు. మేడ అంటే మీకు తెలిసిందే, సందర్శకులు చల్లని గదుల్లో కూర్చుని కిటికీలోంచి తాబేళ్ళను చూసే హోటలు. మనవైపు గొట్టం ఎండిపోయి ఉంది. మేడవైపు గొట్టం ధారగా కారుతోంది. దాని కింద పచ్చగా పాచి పట్టి, రెండు కాకులు వంతులవారీగా నీళ్ళు తాగుతున్నాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బల్ల ఎక్కాను. "వీళ్ళు దొంగలు! తాబేళ్ళను చూపించడానికి మేడ కట్టి, ఆ మేడ చల్లదనం కోసం తాబేళ్ళను ఉడకబెడుతున్నరు! మనం వీళ్ళకు జీతం లేని అబద్ధపు సాక్షులం!" అని అరిచాను.

విదేశీ సేవకులందరూ చిరునవ్వుతో చప్పట్లు కొట్టారు.

నాకు అర్థం కాలేదు. ఇలేనా తన చెవిలోని దుబాసీ యంత్రం తీసి నా చెవిలో పెట్టి, మళ్ళీ మాట్లాడమంది. "దొంగలు!" అన్నాను. చెవిలో తియ్యని ఆడగొంతు ఏదో పలికింది. దాని అర్థం ఇలేనా ఇంగ్లీషులో రాసి చూపించింది: "మిత్రులకు చిన్న సూచన." దుబాసీలు సంస్థ ఇచ్చినవి. కోపం వాటిలోంచి దాటదు.

సాయంత్రానికి ఇందుశేఖర్ గారి కాగితం వచ్చింది. సేవకురాలు సమత శిబిరం ప్రశాంతతకు భంగం కలిగించింది, ఇంకొకసారి జరిగితే పత్రం రద్దు, తిరుగు ఓడ. దేశపు తీరశాఖకు నేను నిన్న రాసిన ఫిర్యాదుకూ జవాబు వచ్చింది. ముప్పై పనిదినాల్లో చూస్తారట.

ముప్పై పనిదినాలు! అసిరమ్మను అడిగాను, పిల్ల ఆడో మగో ఎప్పుడు తేలుతుందని.

"పదిహేడో రోజుకాడ మొదలౌద్ది."

ఆరు రోజులున్నాయి.

గుడ్లకు పన్నెండో రోజు

ఇసుక: ముప్పై మూడు.

దీవికి ఉత్తరాన నీడరేవు ఉంది. జాలర్లు పడవలు దించే చోటు. వెనక మొగలి పొదలు, కొండ అడుగునుంచి మంచినీటి ఊట. అక్కడ థర్మామీటరు దించితే అర తక్కువ ఇరవై తొమ్మిది. నిజమైన ఇరవై తొమ్మిది! గూళ్ళను అక్కడికి ఎందుకు మార్చలేదని శిబిరంలో అడిగితే, అక్కడికి మేడ కిటికీలు చూడవు కాబట్టి అన్నారు.

ఇంకెవర్నీ అడగలేదు. అడిగి అడిగి విసుగెత్తింది. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ డెబ్భై ఏడో నంబరు గూడు తవ్వి, గుడ్లు బకెట్లోకి తీసి, నీడరేవుకు మోసుకుపోయి, పొదల కింద గుంత తీసి పూడ్చి వచ్చాను. నూట ఎనిమిది గుడ్లు. దారిలో రెండుసార్లు కాలు జారింది, బకెట్ వదల్లేదు. సంతోషంగా ఉంది. ఇన్నాళ్ళకు ఒక పని చేశాను. మాటలు కాదు, పని.

గుడ్లకు పదమూడో రోజు

ఆగలేక అసిరమ్మకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"సుక్కెట్టినావా?" అంది.

"ఏం చుక్క?"

ఆవిడ చేతిలో చేటను నేలమీద పెట్టింది. మెల్లగా.

"తియ్యకముందు. గుడ్డు పైన. బొగ్గుసుక్క."

"లేదు."

"మరి ఏది పైనో ఏది కిందో ఎలాగ తెలిసినాది?"

గుడ్డు గుండ్రంగా ఉంటుంది. పైనా కిందా ఉంటాయని నాకేం తెలుసు? నా కరపత్రాల్లో ఎందులోనూ లేదు. ఆవిడ చెప్పింది. పెట్టిన పూట ఎలా తిప్పినా ఫర్వాలేదు. తెల్లారేసరికి లోపలి పిల్ల పెంకు పైభాగాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పితే, పిల్ల తన బరువుకింద తానే ఊపిరాడక పోతుంది. అందుకే వీళ్ళ ఆడవాళ్ళు అల కొట్టే చోటునుంచి గూడు మార్చాల్సివస్తే, ఇసుక తీసిన వెంటనే, గుడ్డును కదపకముందే, పొయ్యిలోని బొగ్గుతో పైన చుక్క పెడతారు. కొత్త గుంతలోనూ చుక్క పైకే. పెన్ను వాడరు, సిరా పెంకులోంచి దిగుతుందని.

నేను వాటిని బకెట్లో బంగాళాదుంపల్లా పోశాను.

"కొన్ని బతుకుతయా మామ్మా?"

"రెండ్రోజులాగి ఎండకి పట్టి సూద్దాం." తర్వాత కొంగు బిగించింది. "ఏడిస్తే సుక్కలు పడవు. రా."

డెబ్భై ఎనిమిదో గూటి దగ్గర కూర్చున్నాం. ఆవిడ వేళ్ళతో ఇసుకను పొరలు పొరలుగా తీసింది, నిద్రపోయేవాళ్ళ మీది దుప్పటి తీసినట్టు. నేను చుక్కలు పెట్టాను. నూట పన్నెండు చుక్కలు. తడి ఇసుక పరిచిన గంపలో వరసగా పేర్చి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని నీడరేవుకు నడిచాం. నలభై నిమిషాలు పట్టింది. నా జీవితంలో అంత నెమ్మదిగా ఏ పనీ చెయ్యలేదు.

గుడ్లకు పద్నాలుగో రోజు

ఇసుక: ముప్పై మూడు పాయింటు మూడు. పలక: చెప్పను. మీకూ తెలుసు.

అన్ని గూళ్ళూ నీడరేవుకు మార్చాలి. దానికి రేవు ఖాళీ కావాలి, పడవలు ఈడ్చే చోట గుడ్లు పెట్టలేం కదా. రేవుకు పెద్ద లచ్చన్న. అసిరమ్మకు మరిది. వల అల్లుకుంటూ విన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"పిల్లలు బయటికొచ్చేదాక. ఇంక నలభై రోజులు."

"ఇప్పుడు కవ్వళ్ళ సేపలు పడే కాలం. నలభై రోజులు పద్నాలుగు పడవలు ఒడ్డునెడితే ఈ అరవై ఇళ్ళూ ఏటి తింతాయి?"

అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. ప్రకృతి పట్ల ద్రోహమనీ, చరిత్ర క్షమించదనీ, కడుపు గురించి మాత్రమే ఆలోచించేవాళ్ళవల్లే సముద్రాలు చచ్చిపోయాయనీ అన్నాను. ఆయన వల పక్కన పెట్టి నన్ను తేరిపార చూశాడు.

"ఒదినా, ఈ గుంట తిట్టినా కాగితం సదివినట్టే తిడతాదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు.

"సూడమ్మా," అన్నాడు లచ్చన్న, ఈసారి నవ్వకుండా. "మా తాత సముద్రం సంపలేదు. సముద్రమే మా తాత ఊరిని మింగినాది. వలలో తాబేలు పడితే పసుపు కుంకం ఎట్టి వదులుతాం మేం. నువ్వు పుస్తకంలో సూసి ప్రేమించినావు. మేం దాంతో బతికినాం. ఎల్లిరా."

వచ్చేస్తుంటే అసిరమ్మ నావైపు చూడలేదు. అదే ఎక్కువ బాధ.

గుడ్లకు పదిహేనో రోజు

పొద్దు పొడవగానే నీడరేవుకు వెళ్ళాం. అసిరమ్మ తాటాకును గొట్టంలా చుట్టి, చివర గుడ్డును ఆనించి, ఎండవైపు పట్టుకుని ఒంటికన్నుతో చూసింది. ముందు మేం చుక్కలు పెట్టి తెచ్చిన గూటిలోవి. చుక్క పక్కకు ఒరగకుండా నిలువునా ఎత్తాలి. నన్నూ చూడమంది. లోపల ఎర్రని దారాలు, ఆకులో ఈనెల్లా. మధ్యలో ఒక చుక్క కొట్టుకుంటోంది. అయిదు చూశాం. అయిదూ బతికే ఉన్నాయి.

తర్వాత నావి.

మొదటిది పసుపు రంగు ముద్ద. రెండోదీ అంతే. ఇరవై చూశాక ఆవిడ ఆపేద్దామంది. నేను వినలేదు. నూట ఎనిమిదీ చూశాను. ఒక్కదానిలోనూ దారాల్లేవు.

నీలరేఖ ఈ తీరంలో ఇంకా ఒక్క గూటిని కూడా పూర్తిగా చంపలేదు. నేను చంపాను. మధ్యాహ్నం పూట, సంతోషంగా.

"మామ్మా, ఇప్పుడు ఏం చెయ్యాలె?"

"మా కాడ ఒకటుంది," అంది. "ఎవరి సేతిలోనైనా తాబేలు సస్తే, ఆ మనిసి పడవ పడవకీ ఎల్లి, అణియం మీద సెయ్యేసి, సేసింది సెప్పుకోవాల. అందరూ ఇనాల. నువ్వు మా మనిసివి కాదు. సెయ్యక్కర్నేదు."

సాయంత్రం నాలుగింటికి పడవలు ఒడ్డుకొచ్చాయి. ఎండ ఇంకా చుర్రుమంటోంది. మొదటి పడవ ముందుకొన మీద చెయ్యి పెట్టాను. కొయ్య ఉప్పుతో గరుకుగా ఉంది.

"నేను సమతను. నూట ఎనిమిది గుడ్లను చుక్క పెట్టకుండా మోసి చంపిన."

అంతే. కరపత్రాల్లోని మాట ఒక్కటీ దానికి అతకలేదు. రెండో పడవ దగ్గర ఎవడో "ఎన్నో సెప్పు, ఇనబడలేదు," అని వేళాకోళం చేశాడు. మళ్ళీ చెప్పాను. అయిదో పడవ దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగాయి. తొమ్మిదో దానికి గొంతు పోయింది, గుసగుసగా చెప్పాను. పద్నాలుగోది లచ్చన్నది. అప్పటికి రేవంతా చుట్టూ చేరింది.

చెప్పి చెయ్యి తీశాను.

"తాబేలు సచ్చిన రోజు ఆ రేవునుంచి పడవ దించం," అన్నాడు లచ్చన్న. "తాతలనాటి కట్టు. ఒకటి సస్తే ఒక రోజు. నూటెనిమిది సస్తే..."

"నూటెనిమిది రోజులు దించకపోతే మనవే సస్తాం బావా!" అని వెనకనుంచి ఒకామె. అందరూ గొల్లుమన్నారు. లచ్చన్న కూడా.

అసిరమ్మ ఒక్కతే నవ్వలేదు. పడవ అంచుమీద కూర్చుని కాళ్ళకున్న ఇసుక దులుపుకుంటూ అడిగింది. "కట్టు ఈ రేవుకే గదా లచ్చన్నా? సముద్రం మొత్తానికి కాదు గదా?"

"అంటే?"

"ఈ రేవునుంచి దించొద్దు. ఇంకో ఒడ్డునుంచి దించు."

"ఇంకో ఒడ్డేదీ? ఉన్నదల్లా ఆ పెద్ద తీరం. అక్కడ తాబేళ్ళ గూళ్ళు..." అంటూనే లచ్చన్న ఆగిపోయాడు. గూళ్ళు అక్కడుండవు కదా. ఇక్కడుంటాయి. ఆయన మెల్లగా దక్షిణంవైపు తిరిగి, కొండ మీదుగా మెరుస్తున్న మేడను చూశాడు.

"మన పడవలన్నీ," అన్నాడు, "ఆ కిటికీల ముందు?"

"వలలు కూడా. ఎండుసేపలు ఆరెయ్యడానికి అంత మంచి ఇసక మనకెప్పుడు దొరికినాది?"

తర్వాత రేవంతా నవ్వింది, ఈసారి నన్ను చూసి కాదు. లచ్చన్న నా నెత్తిమీద అరచెయ్యి పెట్టి ఒకసారి ఊపాడు. గట్టిగానే.

"నలభై రోజులు. తర్వాత నా రేవు నాకివ్వాల. ఇంకోసారి నాతో సరిత్ర గిరిత్ర అన్నావో, తాబేలుతోపాటు నిన్నూ సముద్రంలో వదులుతా."

గుడ్లకు పదహారో రోజు

ఇసుక: ముప్పై మూడు పాయింటు ఏడు. ఇంకో మూడు గీతలు కదిలితే ఆడా మగా అన్న మాటే ఉండదు.

పొద్దున్నే ఇందుశేఖర్ గారు పిలిచారు. బల్లమీద నా పేరుతో ఓడ టికెట్టు. రేపు పదింటికి. డెబ్భై ఏడు, డెబ్భై ఎనిమిది పుల్లల దగ్గర ఇసుక మెత్తగా ఉందని ఎవరో చూశారట.

"నువ్వు మంచి పిల్లవమ్మా. కానీ ఒక గూడు నాశనం చేశావు. చేశావా లేదా?"

"చేసిన సార్. పద్నాలుగు పడవల ముందు చెప్పుకున్న. మీరు ఎక్కడ చెప్పుకున్నరు?"

ఆయన పలకవైపు చూడలేదు. నేను గమనించాను. ఆ గదిలో ఆయన ఎటు చూసినా పలకే కనబడుతుంది, అయినా చూడలేదు. గొంతు తగ్గించి, "పైనుంచి చెప్పారమ్మా. మేడలో ఈ నెల గదులన్నీ నిండాయి. నాకూ పిల్లలున్నారు," అన్నారు. ఆయన మీద జాలి పడబోయాను. అంతలో పలక వెలిగి కొత్త అంకె చూపించింది. జాలి పోయింది.

బయటికి వచ్చాను. పత్రం పోతుంది. అది లేకపోతే బడిలో పంతులమ్మ ఉద్యోగం రాదు, అమ్మకు ఏం చెప్పాలో తెలియదు. అయినా భయం దాని గురించి కాదు. మిగిలిన గూళ్ళు రెండు వందల పది. ఒక్కోదానిలో వందకు పైన గుడ్లు. చుక్క పెట్టడం ఇవాళే నేర్చుకున్నవాళ్ళ చేతులు. ఒక్కరు తొందరపడినా, ఒక్క గంప ఒరిగినా, నేను చేసిందే ఇంకోసారి. కళ్ళు మూసుకుంటే ఆ పసుపు ముద్దలే. ఇంతకుముందు నాకు ఎదుటివాళ్ళ మీదే అనుమానం ఉండేది. ఇప్పుడు నా చేతుల మీద ఉంది. అసిరమ్మతో ఆ మాట అంటే, "అలాగే ఉండాల. ఆ భయం లేనోళ్ళని నాను గంప ముట్టనివ్వను," అంది.

మధ్యాహ్నమంతా ఆవిడ వాకిట్లో కోడిగుడ్లతో శిక్షణ. ఇళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చారు. చెవుల్లోంచి దుబాసీలు తీసేసి ఇలేనా, ఆమె వెనక ఇంకో పంతొమ్మిదిమంది సేవకులు వచ్చారు. భాష అక్కర్లేదు. అసిరమ్మ చుక్క పెడుతుంది, వాళ్ళు పెడతారు. ఆవిడ గుడ్డు ఎత్తుతుంది, వాళ్ళు ఎత్తుతారు. చుక్క పక్కకు ఒరిగితే చేతిమీద చీపురుపుల్లతో ఒకటి తగిలిస్తుంది. అందరిలోకీ ఎక్కువ దెబ్బలు నాకే. సాయంత్రానికి వరసగా ముప్పై గుడ్లు ఒరగకుండా మోశాను.

ఇలేనా తన పేరు కూడా ఈ దినచర్య కాగితం మీద రాసింది. అంటే తన పత్రమూ పోతుంది. వద్దన్నాను. నేను తిరిగివ్వబోయిన చేపల తొట్టి థర్మామీటరును మళ్ళీ నా చేతిలోనే పెట్టి, తలూపి వెళ్ళిపోయింది.

ఇప్పుడు దీవిలో తెలుగు చదివే ఇళ్ళకోసం ఈ దినచర్యను చేత్తో ఎత్తి రాస్తున్నాను. ఇది పదకొండో ప్రతి. చదవని వాళ్ళకు ఇలేనా బొమ్మ గీసింది. ఒక గుడ్డు, దాని పైన చుక్క. నేను ఇంతకుముందు రాసిన కాగితాల్లో ఆశ్చర్యార్థకాలు చాలా ఉండేవి. ఇందులో తగ్గించాను, రేపు కావాల్సింది నెమ్మది.

రేపు పదిహేడో రోజు. పొద్దున అయిదున్నరకు, ఇసుక రోజంతటిలోకీ చల్లగా ఉండే వేళ, పెద్ద తీరంలో ఒకటో నంబరు పుల్ల దగ్గరికి రండి. ఇంటిల్లిపాదీ కావాలి. ఇద్దరికొక గంప, గంపకొక గూడు. గంపలో తడి ఇసుక. మీ పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క. గోళ్ళు కత్తిరించుకుని రండి. చేతులకు నూనె, సబ్బు వాసన వద్దు. సంస్థ కావలివాళ్ళు అడ్డమొస్తే వాదించకండి, అరవకండి, గంప ఒరుగుతుంది. వాళ్ళతో మాట్లాడటానికి నేనుంటాను. పదింటి ఓడ దాకా ఇక్కడే ఉంటాను, ఈడ్చుకుపోతే ఈడ్చుకుపోనివ్వండి, మీరు తల ఎత్తి చూడొద్దు. చేతిలోని గుడ్డునే చూడండి.

గూళ్ళు తీసిన వరస వెనకే లచ్చన్న మనుషులు పడవలు ఈడ్చుకొస్తారు. ఎనిమిదింటికి మేడలో కిటికీ తెరలు తీస్తారు. అప్పటికి అక్కడ తాబేలు గూడు ఒక్కటీ ఉండకూడదు, పద్నాలుగు పడవలుండాలి.

అయిదున్నరకు. ఒకటో పుల్ల దగ్గర. చుక్క పైకి.